మధుమేహము గల రైతు – సంఘము చేయదగిన పని

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో నేడు పదిమంది రైతులు కూడిన చోట వానల మాట, ధరల మాట, బ్యాంకి బాకీల మాట అయిన పిమ్మట తప్పక వచ్చు మాట చక్కెర జబ్బు. "ఫలానా వానికి షుగరు వచ్చినదట" అని యొకరు చెప్పుట, విన్నవారు నోరు చప్పరించుట, మాట యంతటితో ఆగిపోవుట వాడుక యైపోయినది. జబ్బు వచ్చినవాడు మాత్రము మాట్లాడడు. ఎవరికైనను తెలిసిన పిల్లల పెండ్లి సంబంధములు తప్పిపోవునేమో యని యొకనికి భయము. కౌలుకు చేను ఇచ్చువారు వెనుదీయుదురేమో యని యొకనికి భయము. ఈ మౌనమే మాకు మిక్కిలి చింత కలిగించుచున్నది. విత్తనములు, ఎరువులు, అప్పుల వాయిదాలు వ్రాయవలసిన ఈ పుటలలో వ్యాధిని గూర్చి వ్రాయుట యేల యని కొందరు సభ్యులు అడుగవచ్చును. అశ్రద్ధ చేసిన యెడల ఈ వ్యాధి మనుష్యుని తోడనే ఆగక, వాని చేనును కూడ తినివేయును గనుక వ్రాయుచున్నాము.

"ఇది కూర్చుండి తినువారి జబ్బు, ఎండలో పాటుపడు వానిని అంటదు" అను నమ్మకము మన పల్లెలలో ఇంకను బలముగా నున్నది. ఒకప్పుడు అందు కొంత నిజముండెను. నేడు లేదు. భారత వైద్య పరిశోధనా మండలి వారి పూనికతో జరిగిన దేశవ్యాప్త పరిశీలనము 2023-వ సంవత్సరమున వెలువడినది. దాని లెక్క ప్రకారము మన దేశమున 10 కోట్లకు మించిన జనులకు మధుమేహము కలదు. మరి 13 కోట్లకు మించినవారు దాని గడపలో నిలిచియున్నారు. పట్టణపు లెక్కలని తోసిపుచ్చుటకు వీలులేదు. ఉభయ గోదావరి జిల్లాల పల్లెలలో జరిగి 2006-వ సంవత్సరమున ప్రకటింపబడిన మరియొక పరిశీలనములో, 30 ఏండ్లు నిండినవారిలో నూటికి సుమారు 13 మందికి ఈ వ్యాధి కనబడినది. వారిలో ఇంచుమించు సగము మందికి తమకు వ్యాధి యున్నదన్న సంగతియే అంతవరకు తెలియదు. మన సీమ పల్లెలు వేరు విధముగా నుండునని తలచుటకు మాకు కారణమేమియు కనబడదు.

ఎందువలన ఇట్లయినది? మన తాతల నాడు దినదినపు తిండి కొర్ర, జొన్న, సద్ద, రాగి. వరియన్నము పండుగకు, చుట్టము వచ్చిన నాటికి. కుందూనది పొంత, కె.సి. కాలువ క్రింద వరి పండించిన వారు సైతము పండిన వడ్లు అమ్ముకొని జొన్న తినినవారే. 1983-వ సంవత్సరమున నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము కిలో 2 రూపాయల బియ్యమును పల్లెపల్లెకు పంపినది. ఆ పథకమును మేము దూషింపము. కరవుసీమలో ఆకలిని తరిమిన మేలు దానిది. అయినను దానితోపాటు సంగటి ముద్ద చిన్నదై అన్నపు రాశి పెద్దదైనదనుట కాదనరాని మాట. మరియొక వైపు పని మారినది. కపిల తోలినవాని మనుమడు మోటారు మీట నొక్కుచున్నాడు. నాగలి వెంట దినమంతయు నడచినవాని కొడుకు ట్రాక్టరుపై కూర్చుండి రెండు గడియలలో చేను దున్ని వచ్చుచున్నాడు. జమ్మలమడుగు వైపు నల్లరేగడిలో అక్టోబరు, నవంబరు నెలలలో శనగ విత్తి ఫిబ్రవరి నాటికి నూర్చుకొన్న రైతుకు పిదప నెలల తరబడి చేత పని యుండదు. పని తగ్గును గాని కంచములోని అన్నము తగ్గదు. "మేము దినమంతయు కష్టపడుదుము, మాకు నడక యెందుకు?" అనువారు సంవత్సరమున ఎన్ని నెలలు నిజముగా కష్టపడుచున్నారో వేళ్లమీద లెక్కించుకొన వలయును.

వ్యాధి బయటపడు విధము సామాన్యముగా ఇట్లుండును. నలుబది, నలుబదియైదేండ్ల రైతు కాలి పుండు మానలేదనియో, చూపు మసకబారినదనియో, కంటి శస్త్రచికిత్సకో ఆసుపత్రికి పోవును. అక్కడ రక్తము తీసి చూచి షుగరు ఉన్నదందురు. పరగడుపున 126 అంతకు మించినను, మూడునెలల సగటు తెలుపు పరీక్షలో 6.5 అంతకు మించినను వ్యాధి యున్నట్లు వైద్యశాస్త్రము నిర్ణయించినది. నిర్ధారణకై సామాన్యముగా పరీక్షను మరల చేయుదురు. ఆ మాట విన్ననాడు ఇంటికి వచ్చు రైతు మనస్సు ఎట్లుండునో చెప్పనక్కరలేదు. మేము చూచినంతవరకు అటుపిమ్మట జనులు రెండు త్రోవల పోవుచున్నారు. కొందరు బెదిరి అన్నము, పండు, పాలు అన్నియు మాని రెండు వారములలో నీరసించి, మూడవ వారమున విసిగి మొదటికి వత్తురు. కొందరు మాత్రలు నెలదినములు మింగి, దప్పిక తగ్గి, ఒళ్లు తేలికపడిన తోడనే జబ్బు పోయినదని మాత్రలు మాని వేయుదురు. ఈ రెండవవారే యెక్కువ. వీరిని గూర్చియే మాకు ఎక్కువ భయము.

సంఘసభ్యులకు తెలిసిన మాటలలో చెప్పెదము. పరగడుపు పరీక్ష యనునది నేటి ఉదయము పెట్టెలో నున్న రొక్కము వంటిది. నిన్న రాత్రి తిండి తగ్గించిన ఈ ఉదయము అంకె తగ్గవచ్చును. అంతమాత్రమున ఖాతా సరియైనదని కాదు. మూడునెలల సగటు పరీక్ష సంఘములో మీ పాసుపుస్తకము వంటిది. ముందునాడు ఉపవాసముండి దానిని మోసగించుటకు వీలులేదు. సామాన్యముగా దానిని 7-కు లోపల నుంచవలెనని వైద్యులు చెప్పుదురు. ముసలివారికి, ఇతర వ్యాధులు గలవారికి కొంత సడలింతురు. ఒళ్లు బాగుగా నున్నది గదా యని మాత్రలు మానుట, వసూలుదారు ఈ నెల ఇంటికి రాలేదు గనుక అప్పు తీరినదని తలచుట వంటిది. వడ్డీ పెరుగుచునే యుండును. అది కంటి వెనుక సన్నని నాళములలోను, మూత్రపిండములలోను, పాదముల నరములలోను పెరుగును. నొప్పి తెలియకుండ పెరుగుటయే దాని గుణము.

ఇంగ్లీషు మాత్రలు మూత్రపిండములను చెరచునని మన పల్లెలలో ఒక మాట ప్రచారములో నున్నది. తలక్రిందులైన మాట అది. మూత్రపిండములను చెరచునది అదుపు తప్పిన చక్కెరయు, దానితో కూడిన రక్తపు పోటును. మూత్రపిండములు అదివరకే చెడియున్న యెడల వైద్యుడు మాత్ర మోతాదును మార్చును. అందుకే సంవత్సరమున కొకమారు మూత్రపరీక్ష, రక్తపరీక్ష చేయించుకొన వలయును. మొదట సామాన్యముగా ఇచ్చు మెట్‌ఫార్మిన్ అను మందును 1957-వ సంవత్సరమున ఫ్రాన్సు దేశపు వైద్యుడు జీన్ స్టెర్న్ ఈ వ్యాధికి వాడి చూపెను. దాని మూలము వెదకిన ఐరోపా పల్లెలలో నాటువైద్యులు వాడిన యొక చెట్టు దగ్గరకే పోవుదుము. చెట్టుమందు తప్ప ముట్టనని పట్టుపట్టువారు ఈ సంగతి వినిన కొంత మెత్తబడుదురేమో! ఈ మాత్రలు ప్రభుత్వపు ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో వెలలేకుండ దొరకును.

ఇక తిండి. ఇక్కడ మా అభిప్రాయము కొందరికి రుచింపకపోవచ్చును. చిరుధాన్యములు తినిన చక్కెర జబ్బు పోవునని ఇప్పుడు ఊరూర చెప్పుచున్నారు. కొర్రలు, జొన్నలు మన నేల పంటలు; వానిని తినుట, పండించుట రెండును మాకు ఇష్టమే. కాని ఉన్నది ఉన్నట్లు చెప్పవలయును. కొర్రలో గాని జొన్నలో గాని రాగిలో గాని బియ్యములో గాని నూటికి 60 మొదలు 80 పాళ్ల వరకు పిండిపదార్థమే. భేదము పీచులో నున్నది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2017-లో ప్రకటించిన పట్టికలలో తెల్లబియ్యమున పీచు నూటికి 3 పాళ్లకు లోపు. జొన్నలో 10, రాగులలో 11. పీచు ఎక్కువైన చక్కెర రక్తములో మెల్లగా దిగును, కడుపు త్వరగా నిండును. అంతియే గాని మూడు ముద్దల సంగటి తినిన దానిని తాళుట ఏ దేహమునకును సులభము కాదు. మన సంగటిలో సగము బియ్యమే పోయుచున్న ఇండ్లు ఎన్ని లేవు? రాగులను మెత్తని పిండి చేసి జావ కాచి త్రాగిన ముద్దకంటె వేగముగా చక్కెర పెరుగునని గూడ ఎరుగవలయును.

కాబట్టి ధాన్యము పేరుకంటె కొలత ముఖ్యము. కంచములో సగము కూర – బీర, సొర, కాకర, వంకాయ, గోగాకు, ఏదైనను. పావు భాగము పప్పు, గుగ్గిళ్లు, గ్రుడ్డు, చేప వంటివి. మిగిలిన పావు భాగమున అన్నమో సంగటియో రొట్టెయో. జొన్నరొట్టె, పప్పుకూర, మజ్జిగ మన పాతతిండియే. వేరుశెనగ ఊరుబిండి కొంచెము వేసుకొన్నను తప్పులేదు. ఉదయము ఉగ్గాని తినుట మన సీమ అలవాటు. బొరుగులు తేలికగా నుండునని మోసపోరాదు, అవియు బియ్యమే. తినవలసిన నాడు కొద్దిగా తిని ప్రక్కన గుగ్గిళ్లు పెట్టుకొన వలయును. పులివెందుల రైతులు చీనీ తోటలు, అరటి తోటలు పెంచి పండు ముట్టకుండుట యెట్లని అడుగుచుందురు. చీనీకాయ యొకటి వలిచి తొనలు తినవచ్చును. నాలుగు కాయలు పిండి గ్లాసెడు రసము త్రాగరాదు. అరటిపండు బాగుగా మాగినది కాక, చిన్నది, సగము, భోజనము మీద కాక వేరుగా. చక్కెరకు బదులు బెల్లము వేసుకొన్న దోషము లేదను మాట శుద్ధ అబద్ధము.

పాదములను గూర్చి కొంత వివరముగా వ్రాయవలసియున్నది. పట్టణపు పుస్తకములు రైతు పాదమును ఎరుగవు. మనము బురదమడిలో దిగుదుము, కంపచెట్ల నడుమ నడుతుము, మే నెల ఎండలో కాలిన నాపరాతి బండలమీద చెప్పులు లేక గుడిచుట్టు తిరుగుదుము. చక్కెర యేండ్ల తరబడి అదుపు తప్పిన పాదమునకు స్పర్శ నశించును. తుమ్మముల్లు దిగినను తెలియదు. బండ కాల్చినను తెలియదు. రాత్రి భార్య చూచి నెత్తురు ఏమిటని అడిగిన గాని తెలియని వారున్నారు. పిదప చీము, పిదప నలుపు, పిదప ప్రొద్దుటూరు ఆసుపత్రి, అటనుండి కడపకో తిరుపతికో కర్నూలుకో ప్రయాణము. వ్రేలితో పోవలసినది మోకాలివరకు పోయిన యెడల ఆ రైతు అటుపిమ్మట గట్టుమీద కూర్చుండి చేనును చూచువాడే గాని చేయువాడు కాడు.

దీనికి వలయు జాగ్రత్త మిక్కిలి చవుక. ప్రతి రాత్రియు పాదములు కడిగి, వ్రేళ్ల సందులు తుడిచి, దీపము దగ్గర పెట్టుకొని అడుగుభాగము చూచుకొనుట. కనబడని వారు అద్దము క్రింద పెట్టుకొనుటయో, మనుమలచేత చూపించుకొనుటయో. చేనికి పోవునపుడు మడమ మూసిన మెత్తని చెప్పులు. తొడుగుటకు ముందు దులుపుట. ఆనెకాయలను బ్లేడుతో కోసికొనరాదు. తిమ్మిరి పోవుటకు వేడినీళ్లలో కాళ్లు పెట్టరాదు; స్పర్శలేని కాలికి నీళ్ల వేడి తెలియదు. పుండు రెండు దినములలో మానుముఖము పట్టనియెడల పసుపు, సున్నము రాయుచు వారము గడుపక వైద్యుని చూడవలయును. బీడీ త్రాగువారి పాదములకు నెత్తురు మరింత తక్కువగా పోవును. వారితో మేము వేరుగా వాదింపము.

కొన్ని మాత్రలు, ఇన్సులిన్ సూదియు వాడువారికి చక్కెర పెరుగుటయే కాక ఒక్కొక్కప్పుడు మరీ పడిపోవుటయు గలదు. ఉదయము మాత్ర మింగి, అన్నము తరువాత తిందమని చేనికి పోయి మందు కొట్టుచున్న రైతుకు చెమటలు పట్టి, చేతులు వణకి, కండ్లు తిరిగి పడిపోవచ్చును. రాత్రివేళ ఒంటిగా మోటారు వేయబోయిన వానికి అది ప్రాణాపాయము. ఇట్టివారు రొంటిలో మూడు చెంచాల చక్కెర పొట్లము తప్పక యుంచుకొనవలయును. వణకు తోచిన తోడనే తిని, కాలుగంట కూర్చుండి, తగ్గనిచో మరల తిని, పిమ్మట అన్నము తినవలయును. చక్కెర మానుమన్న వైద్యుడే చక్కెర జేబులో నుంచుకొమ్మనుట వింతగా తోచవచ్చును గాని రెండును నిజమే. వట్టికడుపుమీద సారాయము త్రాగిన యెడల ఈ యాపద మరింత పెరుగును. రంజాను ఉపవాసములుండు సోదరులును, ఏకాదశి, శివరాత్రి ఒక్కప్రొద్దులుండు వారును నెల ముందుగనే వైద్యునితో మాట్లాడి మందు వేళలు, మోతాదులు మార్పించుకొనవలయును. వైద్యుడు వద్దన్న వారు మానవలయును.

ఇన్సులిన్ పేరు వినిన మన రైతులు యముని పిలుపు వలె భావించుచున్నారు. సంగతి సరిగా దీనికి వ్యతిరేకము. 1921-లో కెనడా దేశపు టొరాంటో నగరమున బాంటింగు, బెస్టు అనువారు దానిని కనుగొనిరి. 1922 జనవరిలో లెనార్డు థామ్సను అను 14 ఏండ్ల బాలునికి మొదటిసారి ఇచ్చిరి. అంతకుముందు ఆ బాలుని వంటివారికి మరణము తప్ప గతి లేదు. కనుగొన్నవారు ఆ హక్కును తలకొక డాలరుకు తమ విశ్వవిద్యాలయమునకు ఇచ్చివేసిరి. లాభమునకు కాక జనుల అక్కరకు వస్తువు నుంచుటయే సహకారము అనువారు ఈ కథను సభలలో చెప్పదగును. అంత చవుకగా వదలిన వస్తువు నేటికిని ఎందరో బీదలకు ప్రియముగనే యున్నదనుట వేరొక కథ.

ఇన్సులిన్ వాడు మన ప్రాంతపు వారికి వేసవి యొక చిక్కు. మే నెలలో 42 డిగ్రీలు దాటు ఎండలో, కరెంటు పోయిన ఇంటిలో మందు చెడును. వాడుచున్న సీసా 25, 30 డిగ్రీల లోపల సుమారు నెలదినములు నిలుచును. ఫ్రిజ్జు లేనివారు పెద్ద కుండలో తడి యిసుక పోసి, దానిలో చిన్న కుండ దించి, నీరు తగులకుండ మూతగల డబ్బాలో సీసా నుంచి నీడపట్టున పెట్టవచ్చును. మంచుగడ్డ కట్టు అరలో మాత్రము పెట్టరాదు. ఎండలో స్కూటరు పెట్టెలో మందు పెట్టుకొని ఊరు చేరువారిని చూచి మాకు జాలి గలుగుచున్నది.

మన సంతలలో పొడులు, కషాయములు అమ్ముచు, నలుబది దినములలో వ్యాధి సమూలముగా పోవుననియు, మాత్రలు, సూదులు మానవలెననియు చెప్పువారు బయలుదేరినారు. మన ప్రాచీన వైద్యమును మేము కించపరచము. మధుమేహమను పేరు పెట్టి, మూత్రమునకు చీమలు పట్టుటను గమనించి, తిండి తగ్గించి నడువుమని చెప్పినది ఆ వైద్యులే. సంత వర్తకుడు వేరు, సుశ్రుతుడు వేరు. అయితే వ్యాధి తగ్గి మందు లేక నడచు స్థితి అసంభవమనియు మేము చెప్పము. 2017-లో బ్రిటనునందు ప్రకటింపబడిన పరీక్షలో, వ్యాధి తెలిసి ఆరేండ్లు దాటని స్థూలకాయులు వైద్యుల కనిపెట్టులో బాగుగా బరువు తగ్గగా, ఏడాదికి వారిలో ఇంచుమించు సగము మందికి చక్కెర మందు లేకుండ అదుపులోనికి వచ్చినది. బరువు మరల పెరిగిన వ్యాధియు మరల వచ్చును. వైద్యుని కనిపెట్టు, బరువు, కాలము అను మూడు మాటలను విడిచి తక్కిన దానిని పట్టుకొనుటయే ఆ వర్తకుల నేర్పు.

ఆడవారిని గూర్చి వ్రాయక ఈ వ్యాసము పూర్తికాదు. మగవానికి షుగరు వచ్చిన ఇంట వంట మారుచున్నది. ఆడదానికి వచ్చిన ఇంట వంట మారుట లేదు. ఆమె అందరకు వడ్డించి, మిగిలిన అన్నము పారవేయలేక తాను తిని, మాత్ర వేళ తప్పి, సంగతి అత్తకు తెలియకుండ దాచుచున్నది. గర్భముతో నున్నపుడు చక్కెర కనబడిన స్త్రీకి పిమ్మట ఈ వ్యాధి వచ్చు నవకాశము మెండు. కాన్పుతో పోయినదని మరువక యేటేట పరీక్ష చేయించుకొనవలయును. రోగి యొక్కనికి వేరు కుండ పెట్టుట మాకు సమ్మతము కాదు. ఇంటిల్లపాదియు అదే కూర, అదే రొట్టె తినవలయును. ఆ ఇంటి పిల్లలకు గూడ ఈ వ్యాధి వచ్చు నవకాశము ఇతరులకంటె ఎక్కువ గదా.

ఇందు సంఘమునకు పనియేమి యనెడు ప్రశ్నకు వత్తుము. 1904-లో మన దేశమున సహకార చట్టము పుట్టినది రైతును వడ్డీవ్యాపారి నోటినుండి తప్పించుటకు. నేడు పంటకని తీసికొన్న అప్పు ఆసుపత్రి గల్లాపెట్టెలో పడుచున్న యెడల, వాయిదా మీరినదని నోటీసు పంపుట మాత్రమే సంఘపు విధియా? 1995-లో మాంచెస్టరు నగరమున ప్రపంచ సహకార సమాఖ్యవారు అంగీకరించిన సూత్రములలో తమ చుట్టునున్న ప్రజల మేలును గూర్చి శ్రద్ధ వహించుట యొకటి. దానిని గోడకు వ్రాసికొన్నంత మాత్రమున చాలదు.

మేము కోరునది పెద్ద ఖర్చు కాదు. ప్రతి సంఘ కార్యాలయమున చక్కెర చూచు చిన్నయంత్ర మొకటి, రక్తపు పోటు చూచు యంత్ర మొకటి యుంచవలయును. ఒకరికి వాడిన సూది మరియొకరికి వాడరాదు. దీనిని ఆరోగ్య కార్యకర్తయో, నేర్చినవారో చేయవలయును. 30 ఏండ్లు నిండినవారికి పరీక్షలు చేయుట ప్రభుత్వ ఆరోగ్య సిబ్బంది విధులలో నున్నది గనుక, పంట అప్పులిచ్చు దినములలో వారిని పిలిచిన వారికి జనులు ఒకచోట దొరకుదురు, మనకు పరీక్ష దొరకును. అంకెలను సభ్యుని చేతికే యియ్యవలయును గాని అప్పుల రిజిష్టరులో ఎక్కింపరాదు. చక్కెర ఉన్నదని అప్పు తగ్గించు సంఘముండిన, మరునాటినుండి పరీక్షకు ఒక్కడును రాడు. సభలలో చక్కెర లేని తేనీరు అడుగువానిని చూచి నవ్వు అలవాటు మానవలయును. ప్రొద్దుటూరు దసరాకు ఇంటింట మిఠాయి పంచునపుడు ప్రక్కన వేయించిన శనగలు గూడ పెట్టిన పండుగ కేమియు లోపము రాదు.

రాబోవు మహాజనసభలో ఈ విషయమును తీర్మానముగా పెట్టవలెనని కార్యవర్గమునకు మా మనవి. అది అంగీకరింపబడిన యెడల సభనాటి ఉదయమే పరీక్ష జరుపవచ్చును. సభ్యులు ముందురాత్రి భోజనమైన పిమ్మట మంచినీరు తప్ప మరేమియు పుచ్చుకొనక రావలయును; చక్కెర మందులు వాడువారు ఆ ఉదయపు మాత్రను, సూదిని వెంట తెచ్చుకొని, రక్తమిచ్చి, అన్నము ముందుంచుకొన్న పిమ్మట వేసికొనవలయును. భార్యలను గూడ తోడ్కొని రావలయును. పరీక్ష కాగానే అక్కడనే జొన్నరొట్టె, పప్పుకూర, మజ్జిగ ఏర్పాటు చేయుట మంచిది. పరగడుపున వచ్చినవారిని ఉపన్యాసములు ముగియువరకు కూర్చుండబెట్టరాదు.